బొమ్మరింట్లో రైస్ కుక్కర్

మా అమ్మాయి సెలవులకి ఇంటికొస్తే చేతిలో ఆ వీడియో గేమ్ ఉండాల్సిందే. 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' దాని పేరు. ఒక చిన్న దీవి, అందులో మనదో ఇల్లు. సామాన్లు కొనుక్కోవాలి, సర్దుకోవాలి, అంతే. నా చిన్నప్పటి బొమ్మరిల్లు ఆటే అనుకోండి.

మొన్న "అమ్మా, నా వంటిల్లు చూడు" అని పిలిచింది. చూద్దును కదా, బల్ల మీద ముద్దుగా రైస్ కుక్కర్!

"అందులో అన్నం వండుతావుటే?"

"ఈ ఊళ్ళో ఎవరికీ ఆకలి వెయ్యదమ్మా. ఊరికే అందానికి."

ఆకలే లేని ఊళ్ళో కుక్కర్ ఎందుకా అని నవ్వుకున్నాను. ఆట తయారుచేసింది జపాన్‌లోని నింటెండో వాళ్ళు. 2001లో ఈ వరసలో మొదటి ఆట వస్తే, మా అమ్మాయి ఆడేది 2020 మార్చిలో వచ్చింది. జపాన్ వంటిల్లంటే కుక్కర్ ఉండాల్సిందే మరి. అది ఆ వంటింట్లోకి ఎలా వచ్చిందో చదివాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

మనలాగే వాళ్ళదీ అన్నం తినే దేశం. ఒకప్పుడు అక్కడి ఆడవాళ్ళు తెల్లవారకముందే లేచి, పొయ్యి రాజేసి, మంట ఎగదోస్తూ, తగ్గిస్తూ దగ్గరే కూర్చునేవారు. కరెంటు గిన్నెలు కొన్ని వచ్చినా, ఎప్పుడు ఆపాలో చూసుకుంటూ మనిషి కాపలా ఉండాల్సిందే. దానంతటదే ఆగిపోయే కుక్కర్ కావాలని తోషిబా కంపెనీలో యమదా అనే ఉద్యోగి పట్టుబట్టి, ఆ పనిని టోక్యోలో చిన్న కార్ఖానా నడిపే మినామీ యోషితదాకి అప్పగించాడు. ఆయనకి యంత్రాలు తెలుసు గానీ అన్నం సంగతి తెలియదు. అది తెలిసింది ఆయన భార్య ఫుమికోకి.

ఆరుగురు పిల్లల తల్లి ఆవిడ. ఇంటిపని చేసుకుంటూనే రోజూ కుండలకి కుండలు అన్నం వండింది. ఎంత వేడికి ఎంతసేపట్లో ఉడికిందో రాసిపెట్టింది. చలిలో ఎలా ఉడుకుతుందో చూడ్డానికి బయట పెట్టి కూడా వండింది. ఎసరు మరిగాక సుమారు 20 నిమిషాలు ఉడికితే అన్నం కుదురుతుందని తేలింది.

ఆ 20 నిమిషాలని గిన్నెకి నేర్పిన ఉపాయం చిత్రంగా ఉంటుంది. లోపలి గిన్నెలో బియ్యం, ఎసరు. బయటి గిన్నెలో ఓ కప్పు నీళ్ళు. ఆ నీళ్ళు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. అవి ఇగిరిపోగానే వేడి పెరిగి, రెండు లోహాలు అతికించిన రేకు ఒంగి స్విచ్ ఆగిపోతుంది. మన అత్తెసరు అన్నమే, కాకపోతే కాపలా అక్కర్లేదు. 1955 డిసెంబరులో 3,200 యెన్లకి అమ్మకానికి వచ్చింది. ఆ ప్రయోగాల అలసటతో ఆరోగ్యం పాడైన ఫుమికో, ఆ తర్వాత కొన్నేళ్ళకే పోయింది.

మా ఇంటికి కుక్కర్ వచ్చిన కొత్తలో మా అత్తగారు "గంజి వార్చని అన్నమూ ఒక అన్నమేనా?" అని ముట్టుకోలేదు. ఆవిడ కోసం విడిగా వార్చేదాన్ని. తర్వాత మోకాలి నెప్పులతో ఆవిడ పొయ్యి దగ్గర నిలబడలేకపోయారు. ఓరోజు నేను బ్యాంకు పనిమీద వెళ్ళి ఆలస్యంగా వచ్చేసరికి కుక్కర్లో అన్నం వేడిగా ఉంది. "నువ్వు ఆకలితో వస్తావని నొక్కానమ్మా" అన్నారు, కుర్చీలోంచి లేవకుండానే.

ఈ కథంతా మా అమ్మాయికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మరి మా ఆటలో కుక్కర్ మీద ఆవిడ పేరు లేదే" అంది.

"మనింట్లో కుక్కర్ మీదా లేదులే" అన్నాను. "ఈ పూట బియ్యం నువ్వు కడుగు."

లేచి వెళ్ళి కడిగింది.