పంది ప్రేగు గోడలోని నాడీకణములు: పరిశోధనా చరిత్ర

జీర్ణక్రియ మెదడు ఆజ్ఞ చేతనే సాగునా, లేక ప్రేగునకు స్వంత పాలన కలదా అను ప్రశ్న శరీరశాస్త్రజ్ఞులను బహుకాలము వేధించినది. దానికి సమాధానము ప్రేగు గోడలోనే లభించినది.

1857లో జర్మను శాస్త్రజ్ఞుడు గియోర్గ్ మైస్నర్ ప్రేగు లోపలి పొర క్రింద నాడీకణముల గుంపులను వర్ణించెను. 1862లో బ్రెస్లౌ నగరమునందలి లియోపోల్డ్ అవర్‌బాఖ్ రెండు కండరపు పొరల నడుమ మఱియొక నాడీజాలము కలదని ప్రకటించెను. ఈ రెండు జాలములును నేటికిని వారి పేర్లతోనే వ్యవహరింపబడుచున్నవి.

ఆ కణముల పని తెలియుటకు మఱికొంత కాలము పట్టెను. 1899లో లండనునందు బేలిస్, స్టార్లింగ్ అనువారు కుక్క ప్రేగునకు వెలుపలి నుండి వచ్చు నాడులను ఖండించి పరీక్షించిరి. అయినను ప్రేగును ఒకచోట ప్రేరేపించినంతనే పైభాగము ముడుచుకొని, క్రింది భాగము సడలెను. ఆహారము ముందునకు సాగు రహస్యమిదియే. అదే సంవత్సరమున రష్యాలో డోగియెల్, మిథిలీన్ బ్లూ రంగు సాయమున ఈ కణములను ఆకారమును బట్టి మూడు తెగలుగా విభజించెను. 1921లో లాంగ్లీ తన గ్రంథమున ప్రేగుల నాడులను ప్రత్యేక వ్యవస్థగా పేర్కొనెను. మెదడు దానిని హెచ్చుతగ్గులు చేయగలదు. కాని ప్రతి కదలికకును దాని అనుమతి అక్కఱలేదు.

తరువాతి పరిశోధన అధికముగా గినీపందులపై జరిగినది. పేరున పంది యున్నను అది ఎలుకల వర్గమునకు చెందిన చిన్న జంతువు. దాని లోపలి పొర క్రింద ముఖ్యముగా ఒకే నాడీజాలము కలదు. నిజమైన పందిలోనో, మనుష్యునియందు వలెనే, అచ్చట లోపలి జాలము, వెలుపలి జాలము వేర్వేరుగా నున్నవి. వెలుపలి దానికి, 1930లో దానిని వర్ణించిన షబదాష్ పేరు కలదు. 1980 తరువాతి దశాబ్దమున జర్మనీలో స్టాఖ్ పంది చిన్నప్రేగును వెండి లవణములతో రంజింపజేసి, డోగియెల్ తెగలకు క్రొత్తవానిని చేర్చెను.

ఈ శోధన కేవల కుతూహలము కాదు. 1886లో హిర్ష్‌స్ప్రుంగ్ వర్ణించిన శిశురోగమున పెద్దప్రేగు చివర నాడీకణములే యుండవు. మలము కదలక కడుపుబ్బి, చికిత్స లేనిచో బిడ్డకు ప్రాణాపాయము కలుగును. 1948లో స్వెన్సన్, బిల్ ఆ భాగమును తొలగించి, ఆరోగ్యకరమైన ప్రేగును క్రిందికి కలుపు శస్త్రచికిత్సను ప్రకటించిరి. ఎచ్చట కణములున్నవో, ఎచ్చట లేవో సూక్ష్మదర్శినితో నిర్ణయించుటయే నేటికిని ఆ చికిత్సకు ఆధారము. మైస్నర్, అవర్‌బాఖ్‌ల పరిశీలన ఈ విధముగా పసిబిడ్డల ప్రాణరక్షణకు తోడ్పడినది.