చెన్నపట్టణపు బొమ్మల పుస్తకములు

తెలుగు బాలుర కొఱకు రంగుల ముఖచిత్రములతో, పుటపుటకును బొమ్మలతో పత్రికలును పుస్తకములును విరివిగా వెలువడిన నగరము చెన్నపట్టణము. తెలుగు రాష్ట్రములలో నున్నవారికి ఈ మాట నేడు కొంచెము వింతగా దోపవచ్చును. పొరుగు రాష్ట్రములలో తరతరములుగా నివసించుచున్న మనకు వింత గాదు. బ్లాకులు చేయువారు, అచ్చువేయువారు, చిత్రకారులు, కథలు వ్రాయువారు ఒక్క ఊర దొరకినగాని ఇట్టి పని సాగదు. నాడు అట్టి ఊరు చెన్నపట్టణమే. 1850లో నెలకొన్న చిత్రకళాశాల అచ్చట నుండెను. 1929 మొదలు 1957 వఱకు దేవీప్రసాద్ రాయ్ చౌధురి దానికి అధ్యక్షుడై యుండెను. రేడియోయు, సినిమాయు, పుస్తక ప్రచురణమును ఆ నగరమున నొకదానితో నొకటి పెనవేసికొని యుండెను.

అచ్చుపని సంగతి కొంత చెప్పవలెను. అది తెలియనిదే ఆనాటి అట్టల విలువ తెలియదు. చిత్రకారుడు నల్లసిరాతో గీసిన బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, గీతలు గాని భాగమును ఆమ్లముతో తినిపించెడివారు. గీతలు మాత్రము ఉబ్బెత్తుగా నిలుచును. ఆ రేకును కొయ్యదిమ్మకు బిగించి, సీసపు అక్షరముల ప్రక్కన పేర్చి అచ్చువేసెడివారు. రంగుల చిత్రమైనచో పసుపు, ఎఱుపు, నీలము, నలుపు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క బ్లాకు. కాగితము నాలుగు మాఱులు అచ్చు పడవలెను. ఏ యొక్క మాఱు వెండ్రుకవాసి జరిగినను రాజకుమారి పెదవి యెఱుపు చెక్కిలి మీదికి ప్రాకును! ఇంత వ్యయమును, శ్రమయును పుటపుటకు భరించుట సామాన్యమైన ముద్రణాలయమునకు సాధ్యము గాదు. కావున రంగులన్నియు అట్టమీదికి చేరెను. లోపల ఒకటి రెండు రంగులతో తృప్తిపడవలసి వచ్చెను.

1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అనగా మన రేడియో అన్నయ్య, అక్కయ్య, 'బాల' పత్రికను ప్రారంభించిరి. ముళ్లపూడి వెంకటరమణ కథయు, బాపు బొమ్మయు వారి బాల్యముననే అందు వెలుగు చూచెను. 'బాల' 1959లో ఆగిపోయినది. ఆ బాపు పిమ్మట తెలుగు పుస్తకపు అట్టకే క్రొత్తరూపు నిచ్చెను. ఆయన అట్టమీద బొమ్మ యొకటి, పేరొకటిగా నుండవు. శీర్షికలోని అక్షరములును బొమ్మలో భాగములే. ఆ చేవ్రాత తరువాతి కాలమున కంప్యూటరు అక్షరములకు సయితము మాతృక యైనది.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు 'చందమామ'ను స్థాపించిరి. అది తెలుగున 'చందమామ'గను, తమిళమున 'అంబులిమామా'గను ఒక్క మాఱే ఉదయించెను. 1949లో కన్నడ, హిందీ ప్రతులును, 1952లో మరాఠీ 'చాందోబా'యు, 1956లో ఒడియా 'జహ్నమామూ'యు వచ్చినవి. ఇన్ని భాషలకును చిత్రములు వేఱువేఱుగా గీయింపలేదు. బొమ్మ యొక్కటే, దాని ప్రక్కనున్న అక్షరములు మాత్రము మాఱును. కథ యొక భాషనుండి వేఱొక భాషకు పోవునపుడు పొడవు మాఱును గాని బొమ్మ చోటు మాఱదు. 1952 మొదలు 1980లో కన్నుమూయు వఱకు కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రికలో పెంపొందించిన పొట్టి వాక్యముల తేటదనము ఇట్టి పద్ధతికి మిక్కిలి అనుకూలించి యుండును.

చిత్రకారులకు నిదియొక నిర్బంధము. బొమ్మలో ఒక్క అక్షరమున్నను మిగిలిన భాషలవారికి అడ్డము. భావమంతయు ముఖమున, చేతులలో, వస్త్రములలో పలుకవలెను. 'చిత్ర' యను పేర గీసిన టి.వి. రాఘవన్, తమిళుడైన శంకర్, కన్నడిగుడైన ఎమ్.టి.వి. ఆచార్య, కశింకోట నివాసియై 'వ.పా.' యను పొడి అక్షరములతో ప్రసిద్ధుడైన వడ్డాది పాపయ్య, వీరందఱు ఈ నిర్బంధమునకు లోబడియే ఒక లోకమును సృష్టించిరి. అందలి రాజభవనము ఏ దేశపుదో చెప్పజాలము. ఇది లోపమని కొందఱందురు. నా కట్లు తోపదు. కత్తి దూసి, శవమును భుజమున వేసికొని నడచుచున్న శంకర్ గారి విక్రమార్కుని చూచి కన్నడ బాలుడు తనవాడనుకొనెను, ఒడియా బాలుడును తనవాడనుకొనెను.

మనవంటి ప్రవాసాంధ్రుల యిండ్లకు ఇందువలన గలిగిన మేలు పెద్దది. బెంగుళూరున, బరంపురమున, షోలాపురమున తెలుగు బాలుడు బడిలో నేర్చునది వేఱు లిపి. తెలుగు ఇంటిలోని మాట మాత్రమే. అట్టి బాలునికి బొమ్మ ముందే కథ చెప్పియుండుటచే, తెలియని తెలుగు అక్షరము భయపెట్టదు. బడిభాష ప్రతిని, తెలుగు ప్రతిని ప్రక్కప్రక్కన పెట్టిన చాలును, బొమ్మను బట్టి వాక్యమును, వాక్యమును బట్టి అక్షరమును పోల్చుకొనగలడు.

చిత్రము నుంచి అక్షరములు మార్చెడి ఈ పద్ధతిని సోవియట్టువారును పెద్దయెత్తున ననుసరించిరి. మాస్కోలో తెలుగున అచ్చయిన పిల్లల పుస్తకములు చౌక వెలకు మన యిండ్లకు వచ్చెడివి. అచ్చట తెలుగు అనువాదకుడుగా పనిచేసిన ఉప్పల లక్ష్మణరావు గారు 1898లో బరంపురమున జన్మించినవారగుట మన కొక సంతోషము. 1991లో ఆ రాజ్యముతోపాటు ఆ పుస్తకముల రాకయు నిలిచిపోయినది. కొన్నింటిని సికిందరాబాదులోని 'మంచి పుస్తకం' వారు మరల అచ్చువేసిరి. 'చందమామ' 1998లో ఆగి, 1999 చివర మరల వెలువడి, 2007లో చేతులు మాఱి, కొన్నియేండ్లకు అదియు అస్తమించినది. 1996లో చెన్నపట్టణముననే నెలకొన్న 'తూలిక' ప్రచురణాలయము ఒకే బొమ్మల పుస్తకమును తెలుగుతో సహా పలు భాషలలో వెలువరించుచున్నది.

ఒక సంగతి మిగిలినది. ఏడాది సంచికలు చేర్చి కుట్టించునపుడు అట్టలు చింపివేయుట మన బైండింగు పనివారి యలవాటు. అందుచే కథలు నిలిచినవి, ఆచార్య, వ.పా. గారల ముఖచిత్రములు పోయినవి. మన సభ్యుల యిండ్ల అటకలమీద అట్టలతో గూడిన పాత సంచికలు ఇంకను కొన్ని యుండవచ్చును. వానిని క్రొత్తగా కుట్టింపదలచినవారు అట్టలను కూడ లోపలనే కుట్టుమని ముందుగా చెప్పుడు.