నీటి లోతున చలనచిత్రము

శాస్త్రము పండితుల సొత్తా, లోకుల సొత్తా? ఈ ప్రశ్న చాల పాతది. 1928లో పారిస్ నగరమున, ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తులో, ఇది క్రొత్త రూపమున తల యెత్తినది. జాఁ పెన్లెవే అను యువకుడు పరిషత్తు సభ్యులకు ఒక చలనచిత్రమును చూపినాడు. స్టికిల్‌బ్యాక్ అను చిన్న చేప గ్రుడ్డు ఫలదీకరణము చెందినది మొదలు పిల్ల వెలువడు వరకు జరుగు మార్పులను సూక్ష్మదర్శిని ద్వారా పట్టిన చిత్రమది. అందులో వేషము లేదు, కల్పన లేదు. అయినను సభలో కొందరికి కోపము వచ్చినది. సినిమా పెద్దలు పట్టించుకొనదగిన వస్తువు కాదని ఒక పండితుడు లేచి వెళ్ళిపోయినాడట.

ఆ కోపమునకు కారణము లేకపోలేదు. సంతలలో డబ్బు తీసికొని చూపు వినోదముగా మొదలైన సినిమా, అప్పటికి నటీనటుల ప్రపంచముగా పెరిగినది. పరిశోధకుడు తన కంటిని, తన లేఖనమును నమ్మవలెను గాని, తెరపై కదలాడు బొమ్మను నమ్మవచ్చునా అని పెద్దల సందేహము. కాని ఈ సందేహములో ఒక చమత్కారమున్నది. చలనచిత్రమునకు పురిటిల్లు పరిశోధనాలయమే. పక్షి యెట్లు ఎగురునో, క్రింద పడు పిల్లి గాలిలో ఎట్లు తిరిగి కాళ్ళపై నిలుచునో తెలిసికొనుటకు ఎటియెన్ జూల్ మారే అను శరీరధర్మ శాస్త్రవేత్త 1880 తరువాతి సంవత్సరములలో వరుస ఛాయాచిత్రములు తీయు యంత్రములను నిర్మించినాడు. నీటిలోని ప్రాణుల గమనమును కూడ అట్లే పట్టినాడు. లూయీ బూతాఁ 1893లో సముద్రములోనికి దిగి ఛాయాచిత్రములు తీసినాడు. జాఁ కొమాండోఁ 1909లో సూక్ష్మజీవుల కదలికలను చిత్రించి ఆ పరిషత్తు ఎదుటనే ప్రదర్శించినాడు. అనగా, బిడ్డ ఇల్లు విడిచి సంతకు పోయినది. పెన్లెవే దానిని చేయి పట్టుకొని పుట్టింటికి తీసికొనివచ్చినాడు. ఇంటివారిలో కొందరు గుర్తుపట్టలేదు.

పెన్లెవే 1902 నవంబరు 20వ తేదీన పారిస్‌లో జన్మించినాడు. తండ్రి పాల్ పెన్లెవే ప్రఖ్యాత గణితవేత్త. 1917లోను, మరల 1925లోను ఫ్రాన్సు ప్రధానమంత్రి. బిడ్డ పుట్టిన కొలదికాలమునకే తల్లి మరణించుటచే మేనత్త పెంచినది. కుమారుడు సోర్బాన్ విశ్వవిద్యాలయమున మొదట వైద్యము, పిమ్మట జీవశాస్త్రము చదివినాడు. బ్రిటనీ సముద్రతీరమున రోస్కోఫ్‌లో ఉన్న పరిశోధన కేంద్రములో జలచరములతో ఆయనకు చెలిమి కుదిరినది. విద్యార్థి దశలో పరిచయమైన జెనివీవ్ హామోఁ జీవితాంతము ఆయనకు తోడుగా నిలిచినది. చిత్రములపై ఆయన పేరే పెద్దదిగా కనిపించును గాని, ఆ పనిలో ఆమె శ్రమ విడదీయరానిది.

సూక్ష్మదర్శినిలో చూచి బొమ్మ గీసికొనుట పూర్వమునుండి ఉన్న పద్ధతియే గదా, సినిమా అదనముగా ఏమి చేయును? అది కాలమును సాగదీయగలదు, కుదించగలదు. ఇప్పటి లెక్క ప్రకారము తెరపై సెకనుకు 24 బొమ్మలు నడచును. సెకనుకు 240 బొమ్మల చొప్పున తీసి మామూలు వేగమున చూపినచో కదలిక పదింతలు నెమ్మదించును. కంటికి మసకగా తోచు రెక్క ఆడుట విడివిడిగా కనిపించును. నిమిషమునకు ఒక్క బొమ్మ చొప్పున ఒక దినమంతయు తీసినచో 1440 బొమ్మలగును. అవి ఒక్క నిమిషములో తెరపై నడచిపోవును. గ్రుడ్డులో పిల్ల రూపు కట్టుట దినములు పట్టు పని. ఏ పండితుడును రెప్ప వేయక అన్ని దినములు చూడలేడు. యంత్రము చూచును, చూచినదానిని మరల మరల చూపును. పెన్లెవే వాదమునకు ఇదియే పునాది.

1930లో ఆయన శాస్త్రీయ చలనచిత్ర సంస్థను స్థాపించినాడు. ఆయన పద్ధతిలో ముఖ్యమైనది మరియొకటి ఉన్నది. ఒకే విషయమును మూడు విధములుగా కూర్చెడివాడు: పరిశోధకులకు ఒకటి, విద్యార్థులకు ఒకటి, సామాన్య ప్రేక్షకులకు ఒకటి. మూడవది మొదటిదానికి ఎంగిలి కాదు. దానికి వేరు నడక, వేరు వ్యాఖ్యానము, సంగీతము ఉండెడివి. పండితునకు కొలతలు కావలెను. సామాన్యునకు ఆశ్చర్యము కావలెను. ఇద్దరికిని అబద్ధము మాత్రము అక్కరలేదు.

పని సులభము కాదు. చిత్రములలో ఎక్కువ భాగము గాజుతొట్టెలలో తీసినవే. ఆనాటి ఫిల్ముకు వెలుతురు విస్తారముగా కావలెను. దీపముల వేడికి తొట్టెలోని నీరు కాగి ప్రాణులు చచ్చెడివి. సముద్రములోనే తీయుదమన్నచో చిక్కులు వేరు. గాజు అమర్చిన నీరు చొరని పెట్టెలో చిన్న కెమేరాను బిగించి, ఈవ్ ల ప్రియర్ కల్పించిన శ్వాసయంత్రమును తగిలించుకొని ఆయన నీటిలోనికి దిగెడివాడు. కెమేరాలో పట్టు ఫిల్ము కొన్ని సెకనులకే సరి. అది అయిపోగానే పైకి వచ్చి మరల ఫిల్ము ఎక్కించుకొని దిగవలెను. ఈ కష్టములన్నిటికి ఫలము 1934 నాటి ‘సముద్రాశ్వము’. ఆర్కషోఁ అఖాతమున కొంత, తొట్టెలలో కొంత తీసిన ఆ చిత్రము ఆయనకు విశేషమైన కీర్తి తెచ్చినది.

మనము నీటిగుర్రమనునది హిప్పొపొటమస్. ఇది అది కాదు. గుర్రపు తల, కొమ్మను చుట్టుకొను తోక గలిగి, నిటారుగా నిలిచి ఈదు చిన్న చేప సముద్రాశ్వము. దాని కుడికన్ను ఒకవైపు చూచుచుండగా ఎడమకన్ను మరియొకవైపు చూడగలదు. అన్నిటికంటె వింత దాని సంతానధర్మము. ఆడుది మగదాని పొట్టపైనున్న సంచిలో గ్రుడ్లు పెట్టి తన దారిన పోవును. తరువాతి భారమంతయు తండ్రిదే. సంచి గోడలోని రక్తనాళములు పిండములకు ప్రాణవాయువునందించును. నెలలు నిండిన గర్భిణి వలె మగది ఉబ్బి, చివరకు శరీరమును వంచి, ముడిచి, బాధపడి పిల్లలను బయటికి నెట్టును. ఈ ప్రసవమును చిత్రించుటకు పెన్లెవే రాత్రింబగళ్ళు తొట్టె కడ కాపుండెను. కునుకు పట్టి తల వ్రాలినచో చురుక్కుమనునట్లు చిన్న విద్యుత్సాధనమును తన నెత్తికి అమర్చుకొన్నాడని చెప్పుదురు. దారియుస్ మియో సంగీతము కూర్చిన ఆ చిత్రము సినిమాహాళ్ళలో ఆడినది. తల్లిది కడుపు, తండ్రిది సంపాదన అను లోకసూత్రము ప్రకృతిలో తిరుగులేనిది కాదని ప్రేక్షకులు కన్నులార చూచినారు.

ఆయన తీసిన చిత్రములు రెండు వందలకు పైమాట. విడిచిన శంఖములలో కాపురముండి, మంచి శంఖమునకై కలహించు సన్యాసిపీతలు ఒకదానిలో. నాచు, స్పంజి ముక్కలను వీపునకు తగిలించుకొని మారువేషము వేయు పీతలు ఇంకొకదానిలో కనిపించును. ముళ్ళబంతి వంటి సముద్రజీవిపై 1954లో రంగులలో తీసిన చిత్రమున, ముళ్ళ నడుమ కాడలపై కదలాడు చిన్న దవడలను చూచినచో అది ప్రాణియా, అడవియా అను భ్రమ కలుగును. 1947లో వెలువడిన ‘మంచినీటి హంతకులు’ చెరువులోని పురుగులు ఒకదానినొకటి మ్రింగు తీరును జాజ్ సంగీతముతో చూపును. అప్పటికి ప్రపంచయుద్ధము ముగిసి రెండేండ్లు. ఆ చంపుడు పందెమును చూచినవారికి కీటకములు మాత్రమే గుర్తుకు వచ్చియుండవు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. సంగీతము, హాస్యము, మానవులతో పోలిక, ఇవి చేరిన పిమ్మట శాస్త్రము మిగులునా? ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. జంతువును ముద్దుబిడ్డగానో, దుష్టునిగానో చూపి ప్రేక్షకుని మెప్పించు చిత్రములు చాల వచ్చినవి. పెన్లెవే పోలికలు వేరు. ఆయన పోలిక తెచ్చి, వెంటనే దానిని పగులగొట్టును. పీత మనవలె అలంకరించుకొనుచున్నదని నవ్వుదుము. మరుక్షణమున ఆ అలంకారము ప్రాణరక్షణ కొరకని తెలియును. మనస్సుకు పట్టని విషయముపై చిత్రము తీయరాదని 1948లో ఆయన తోటివారికి వ్రాసిన నియమములలో మొదటిది.

1944లో ఫ్రెంచి చలనచిత్రశాఖకు అధిపతిగా నియుక్తుడై, మరుసటి ఏడు ఆ పదవి కోల్పోయినాడు. 1947లో అంతర్జాతీయ శాస్త్రీయ చలనచిత్ర సంఘమును స్థాపించినవారిలో ఒకడైనాడు. ఇంతలో 1943లో కూస్తో, గాఞాఁ అనువారు కనిపెట్టిన శ్వాసయంత్రము సముద్రగర్భమునకు రాజమార్గము వేసినది. కూస్తో చిత్రము 1956లో కాన్ చిత్రోత్సవమున అగ్రబహుమతి పొందినది. కూస్తో కెమేరా సముద్రపు విశాలతను చూపినది. పెన్లెవే కెమేరా ఒక్క ప్రాణి ముందు కూర్చుండి, దాని పని ముగియువరకు లేవలేదు.

1960 దశకము నడుమ ఆయన ఆక్టోపస్ వద్దకు తిరిగివచ్చినాడు. 1928లో తొలిసారి చిత్రించిన ప్రాణియే అది. జాలరుల కథలలో రాక్షసిగా పేరుపడిన ఆ జీవి, రాతి చూరునుండి గ్రుడ్లను గుత్తులుగా వ్రేలాడదీసి, నీటిని చిమ్ముచు, చేతులతో శుభ్రపరచుచు, ఆహారము మాని కాచును. పిల్లలు వెలువడిన పిదప తల్లి మరణించును. కోమలమైన మాట ఒక్కటియు వాడకయే ప్రేక్షకుని మనస్సును కరగించు దృశ్యములవి.

పెన్లెవే 1989 జూలై 2వ తేదీన మరణించినాడు. 2001లో ఒక అమెరికను సంగీత బృందము ఆయన చిత్రములు కొన్నింటికి క్రొత్త వాద్యరచన చేసి, తెర ముందు వాయించగా, క్రొత్త తరము చూచి ఆనందించినది. ఆనాడు లేచి వెళ్ళిన పండితుని పేరు ఎవరికిని పట్టలేదు. చేప గ్రుడ్డు చిత్రము చరిత్రలో నిలిచినది.

మైకు ముందు కూర్చుండి శాస్త్రవిషయములు చెప్పు మా వంటివారికి ఇందులో ఒక పాఠమున్నది. వినువారు సామాన్యులు గదా అని సత్యమును పలుచన చేయుట వారిని అవమానించుటయే. సత్యము గదా అని రుచి లేకుండ వడ్డించుటయు అంతే. తెలిసినవాడు తెలియనివాని ప్రక్కన కూర్చుండి, ఇద్దరును ఒకే తొట్టెలోనికి తొంగిచూడవలెను. పెన్లెవే అరువదేండ్లు చేసిన పని అంతయు అదియే.