వాన ఒకచోట.. వరద మరోచోట: నాలాల సమస్య ఒక్క మున్సిపాలిటీతో ఎందుకు తేలదు?

హైదరాబాద్‌లో గట్టి వాన పడిందంటే చాలు.. 'మా దగ్గర ఇంత వాన లేదే, ఈ నీళ్లు ఎక్కడివి?' అన్న మాట లోతట్టు కాలనీల్లో వినిపిస్తుంది. దానికి సమాధానం ఎగువన ఉంటుంది.

ఇక్కడి చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు నాలా గుండా కింది చెరువుకు, చివరికి మూసీకి చేరాలి. దారిలో మున్సిపాలిటీలు మారతాయి. నీళ్లు మాత్రం హద్దు దగ్గర ఆగవు.

2020లో ఏం జరిగింది?

2020 అక్టోబర్ 13న కురిసిన కుంభవృష్టికి ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజే 32 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. కొద్దిరోజులకే బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగింది. బాలాపూర్ అప్పట్లో బడంగ్‌పేట్ కార్పొరేషన్‌లోది. నీళ్లు ముంచెత్తింది మాత్రం జీహెచ్‌ఎంసీలోని హఫీజ్ బాబానగర్ లాంటి బస్తీలను.

తర్వాత ఏం మారింది?

* ఆ వరదల తర్వాత ప్రభుత్వం వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం (ఎస్‌ఎన్‌డీపీ) చేపట్టింది. తొలి దశ అంచనా సుమారు రూ.985 కోట్లు. జీహెచ్‌ఎంసీతో పాటు చుట్టుపక్కల మున్సిపాలిటీల నాలాలనూ ఇందులో చేర్చారు.
* 2024 జులైలో ఏర్పాటైన హైడ్రాకు ఔటర్ రింగ్ రోడ్డు వరకు పరిధి ఇచ్చారు.
* 2025 నవంబర్‌లో శివారులోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలపాలని కేబినెట్ నిర్ణయించింది.

హద్దులు చెరిపితే సరిపోతుందా?

సరిపోదు. పనులు ఏ వరుసలో చేస్తారన్నదే అసలు విషయం. ఎగువన నాలా వెడల్పు చేస్తే ఆ కాలనీ గట్టెక్కుతుంది. కింద కల్వర్టు ఇరుకుగానే ఉంటే ముంపు ఇంకో కాలనీకి మారుతుంది, అంతే. అందుకే నాలా పనులు మూసీ దగ్గర మొదలై పైకి రావాలి.

డబ్బు దగ్గరా ఇదే చిక్కు. పై చెరువులో పూడిక తీస్తే ఖర్చు అక్కడివాళ్లది, లాభం ఎక్కువగా కిందివాళ్లది. ఎవరి బడ్జెట్ వాళ్లు చూసుకుంటే ఆ పూడిక ఎప్పటికీ కదలదు. ఉమ్మడి నిధి ఉండాలి. వాన నీరు పారే ప్రాంతం మొత్తానికీ ఒకే మ్యాప్ ఉండాలి. తూములు ఎత్తే ముందు కింది బస్తీలకు కబురు వెళ్లాలి.

ఇవి లేకుండా బోర్డు మీద పేరు మారినా ప్రయోజనం తక్కువే. మున్సిపాలిటీల మధ్య ఉన్న గొడవ రేపు జోన్ల మధ్యకు వస్తుంది. నీళ్లు మళ్లీ అదే దారిన అవే ఇళ్లలోకి వస్తాయి.