పేగుపూత, రాచపుండు

అలిపిరి పేరు వినని తెలుగువారు అరుదు. పాదాల మంటపం వద్ద మొక్కుకొని, 3,550 మెట్లెక్కి తిరుమలకు పోయే కాలిబాట మొదలయ్యేది అక్కడనే. కొండకు పోయే ఆ త్రోవలో నేడు రెండు పెద్ద వైద్యాలయాలు ఉన్నవి. 1986లో పునాది పడి, 1995లో విశ్వవిద్యాలయ స్థాయి పొందిన శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ మొదటిది. తిరుమల తిరుపతి దేవస్థానమూ టాటా ట్రస్టులూ చేయి కలుపగా 2022 మే నెలలో తలుపులు తెరచిన కాన్సరు ఆస్పత్రి రెండవది. పేగుపూతతో ఏండ్ల తరబడి బాధపడే మనిషి ఈ రెండవ భవనాన్ని చూచినప్పుడు, “నా జబ్బు ఏనాటికైనా రాచపుండుగా మారునా?” అని శంకించడం సహజమే. ఈ శంకకు సరియైన సమాధానం దొరకడానికి వైద్యశాస్త్రానికి దాదాపు నూరేండ్లు పట్టినది. ఆ చరిత్ర తెలిసికొనదగినది.

పేగుపూత రెండు తీరులు. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురూ జిగటా పోయేది అల్సరేటివ్ కొలైటిస్. 1859లో లండను వైద్యుడు శామ్యూల్ విల్క్స్ దీనిని వర్ణించినాడు. నోటినుండి ఆసనం వరకు ఎక్కడనైనా పుట్టి, పేగుగోడ లోతులకు దిగేది క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్కులో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు దీనిని వివరించినారు. ఆ క్రోన్‌గారే అంతకు ఏడేండ్ల ముందు, 1925లో, రోసెన్‌బర్గ్‌తో కలసి, కొలైటిస్ రోగి మలాశయంలో కాన్సరు పుట్టిన సంగతిని ప్రకటించినాడు. శంకకు అది అంకురం.

శంక పుట్టినదే కాని, పెద్దపేగును మొదటినుండి చివరివరకు కంటితో చూచే సాధనం నాడు లేదు. 1954లో మన పంజాబువాడైన నరీందర్ సింగ్ కపానీ, ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హాప్కిన్స్‌తో కలసి, సన్నని గాజునూలు కట్టలద్వారా బొమ్మను వంపులు తిప్పి చూపించవచ్చునని నిరూపించినాడు. ఆ సూత్రంపై వంగే గొట్టాలు తయారైనవి. 1969 నాటికి అమెరికాలో షిన్యా, వుల్ఫ్ అనే వైద్యులు వాటితో పెద్దపేగు అంతటినీ పరీక్షింపసాగినారు. దానినే నేడు కొలనోస్కోపీ అంటున్నాము.

ఈలోగా 1967లో లండనులో మోర్సన్, పాంగ్ అనేవారు మరొక సత్యాన్ని బయటపెట్టినారు. ఈ కాన్సరు ఉన్నట్టుండి ఊడిపడదు. దానికి ముందు పేగుపొరలోని కణాల రూపం చెడుతుంది. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచినచో ఆ మార్పును పసిగట్టవచ్చును. అప్పటినుండి ఈ భయం కనిపెట్టుకొని ఉండదగిన భయమైనది.

ప్రమాదం ఎంత? 2001లో ఆంగ్ల వైద్యులు అనేక పరిశోధనలను కలిపి లెక్కగట్టగా, కొలైటిస్ పట్టిన నూరుమందిలో పదేండ్లకు ఇద్దరికి, ఇరువదియేండ్లకు ఎనిమిదిమందికి, ముప్పదియేండ్లకు పదునెనిమిదిమందికి కాన్సరు రావచ్చునని తేలినది. ఈ అంకెలు అందరినీ బెదరగొట్టినవి. కాని 2012లో డెన్మార్కు దేశపు లెక్కలు ఊరట కలిగించినవి. అక్కడి కొలైటిస్ రోగులకు మొత్తంమీద ప్రమాదం ఇతరులతో దాదాపు సమానమని అవి చూపినవి. మంచి మందులు, క్రమమైన పరీక్షలు ఇందుకు తోడ్పడినవని వైద్యుల అభిప్రాయం. అయినా పెద్దపేగు అంతా పూసినవారికి, వాపు ఎడతెగనివారికి, రక్తసంబంధీకులలో పెద్దపేగు కాన్సరు ఉన్నవారికి, పైత్యనాళాలు గట్టిపడే జబ్బు తోడైనవారికి ప్రమాదం హెచ్చే. పూత మలాశయానికే పరిమితమైనవారికి ఈ భయం లేదనే చెప్పవచ్చును.

జబ్బు మొదలైన ఎనిమిదేండ్లకు ఒకసారి పేగంతా పరీక్షింపజేసికొని, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువున, ఏడాదికో, రెండు మూడేండ్లకో, అయిదేండ్లకో, తిరిగి చూపించుకొనవలెను. పైత్యనాళాల జబ్బు ఉన్నవారు మాత్రం అది తెలిసిన నాటినుండే ఏటేటా చూపించుకొనవలెను. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఎనిమిదేండ్ల లెక్క, వైద్యుడు జబ్బుకు పేరు పెట్టిన నాటినుండి కాదు. మొదటి లక్షణం కనబడిన నాటినుండి. మనవైపు నెత్తురు పడితే మొలలనుకొని నాటుమందు మ్రింగేవారు కలరు. క్రోన్స్ వ్యాధిని పేగుక్షయగా పొరబడడమూ కలదు. అట్లు గడచిన ఏండ్లు కూడ లెక్కలోనివే.

మరొక మాట. గ్రామాలకు వచ్చే కాన్సరు శిబిరాలలో సాధారణంగా చూచేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖం. పెద్దపేగు వాటిలో చేరదు. కనుక శిబిరంలో “ఏమీ లేదు” అన్నారని పేగుపూత రోగి నిశ్చింతగా ఉండరాదు. నెత్తురు ఆగినదని మందు మానరాదు. బాధ లేదని పరీక్ష దాటవేయరాదు.

మొదట నెత్తురు కనబడిన సంవత్సరమేదో జ్ఞాపకం చేసికొని, చీటీపై వ్రాసి, ఈసారి వైద్యుని వద్దకు పోయినప్పుడు చూపండి. నూరేండ్ల పరిశ్రమ ఫలం మన ఇంటికి చేరడానికి ఆ ఒక్క అంకె ఎంతో అవసరం.