డబ్బు జమ అయిందంటారు.. ఏ ఖాతాలో?

భీమడోలు నుంచి నాన్నగారు ఫోన్ చేసి ‘‘అందరికీ అన్నదాత సుఖీభవ పడిందంటరా, మనకి రాలేదు’’ అంటే హైదరాబాద్‌లోనో ఏలూరులోనో ఉన్న మీరు ఏం చెబుతారు? సచివాలయానికి వెళ్లి అడగమంటారు. ఆయన ఎండలో వెళ్లేలోపు మీ ఫోన్‌లోనే తేల్చుకోగలిగిన విషయం ఒకటుంది.

2025 ఆగస్టు 2న ఈ పథకం తొలి విడతగా రాష్ట్రం రూ.5,000, పీఎం కిసాన్ కింద కేంద్రం రూ.2,000 విడుదల చేశాయి. ఈ సొమ్మును ఎవరో కూర్చుని ఒక్కో రైతు ఖాతాకూ పంపరు. భూమి రికార్డులు ఒక సాఫ్ట్‌వేర్‌లో, ఈ-కేవైసీ మరోదాంట్లో, చెల్లింపులు ఇంకోదాంట్లో ఉంటాయి. ఒకటి ఇచ్చిన సమాచారాన్ని తర్వాతది అందుకుంటుంది. గూగుల్ ఫారం నింపగానే షీట్‌లో వివరాలు చేరి, మెయిల్ దానంతటదే వెళ్లేలా జాపియర్‌తో టూల్స్ కలిపినవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. కాకపోతే అక్కడ ఎక్కడ ఆగిందో మీ స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఇక్కడ చాలాసార్లు మనమే వెతుక్కోవాలి.

ముందు స్థితి చూడండి. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు 95523 00009. ‘హాయ్’ అని పంపి, సేవల్లోంచి పథకాన్ని ఎంచుకుని వివరాలివ్వాలి. అర్హుల జాబితాలో పేరు లేకపోతే రైతు సేవా కేంద్రానికి వెళ్లక తప్పదు. పేరుంది, డబ్బు మాత్రం రాలేదంటే అనుమానించాల్సింది బ్యాంకు మెట్టునే.

ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. ‘‘బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా’’ అంటారు. అది కేవైసీ కోసం ఇచ్చింది. ఆధార్ ఆధారంగా వచ్చే ప్రభుత్వ సొమ్ముకు ఎన్‌పీసీఐ దగ్గర విడిగా ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో ఖాతా నంబరు ఉండదు. ఫలానా ఆధార్‌కు ఫలానా బ్యాంకు అని మాత్రమే ఉంటుంది. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు. చివరగా ఏ బ్యాంకు నమోదు చేయిస్తే సొమ్ము దానికే వెళ్తుంది. నాన్నగారికి నాలుగు పాస్‌బుక్కులున్నా సరే. కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో ఒక టిక్ పెడితే చాలు, దారి మారిపోతుంది. 2017లో ఒక టెలికాం సంస్థ సిమ్ ధ్రువీకరణ కోసం వచ్చినవాళ్లకు చెప్పకుండానే చెల్లింపుల బ్యాంకు ఖాతాలు తెరవడంతో గ్యాస్ సబ్సిడీలు అటు మళ్లాయి. ఆధార్ సంస్థ చర్య తీసుకోవాల్సి వచ్చింది.

మై ఆధార్ వెబ్‌సైట్‌లో ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కండి. బ్యాంకు పేరు, అది యాక్టివ్‌గా ఉందో లేదో కనిపిస్తుంది. ఓటీపీ ఆధార్‌కు లింకైన ఫోన్‌కే వస్తుంది కాబట్టి నాన్నగారు పక్కన ఫోన్ పట్టుకుని ఉండాలి. ఆ ఓటీపీ మీకు తప్ప, ‘బ్యాంకు నుంచి’ అంటూ ఫోన్ చేసేవాళ్లెవరికీ చెప్పొద్దని గట్టిగా చెప్పండి.

వేరే బ్యాంకు పేరు కనిపిస్తే కంగారు వద్దు. డబ్బు పోలేదు, ఆ ఖాతాలో ఉండొచ్చు. ముందు అక్కడ బ్యాలెన్స్ చూడండి. ఇకపై కావాల్సిన బ్యాంకులోకే రావాలంటే ఆ శాఖకు వెళ్లి ఆధార్ సీడింగ్ సమ్మతి పత్రం ఇవ్వాలి. పాత బ్యాంకు పేరు కూడా అందులో రాయాలి. ఇన్‌యాక్టివ్ అని వస్తే మాత్రం చెల్లింపు వెనక్కి వెళ్లి ఉండే అవకాశం ఎక్కువ. సీడింగ్ సరిచేయించుకుని, ఆ సంగతి రైతు సేవా కేంద్రంలో చెప్పాలి.

సీడింగ్ అంతా సరిగ్గానే ఉండి, పొలం ఇంకా చనిపోయిన తాతగారి పేరునే ఉంటే ఇవేవీ పనిచేయవు. అది మ్యుటేషన్ వ్యవహారం, తహసీల్దారు కార్యాలయంలో తేలాల్సిందే.