మహమ్మారి దినములలో మన స్కౌట్ బాలురు

మన డయోసీస్ నూరు సంవత్సరముల చరిత్రను తలచుకొను ఈ సందర్భమున పెద్దలు దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, ఆసుపత్రులను గూర్చియు వ్రాయుచున్నారు. మేము ఒక చిన్న విషయమును ఎన్నుకొంటిమి. ఖాకీ చొక్కా, మెడలో స్కార్ఫు ధరించి మన ఆవరణలో శనివారము సాయంత్రము కూడుకొను బాలురను గూర్చినది అది. కోవిడ్ మహమ్మారి దినములలో వారి కూటములకు, విహార యాత్రలకు ఏమి జరిగినదో, అందులో మా వలన జరిగిన లోపమేమో వ్రాసి ఉంచుట మంచిదని తోచినది. చరిత్ర అనగా విజయముల పట్టిక మాత్రమే కాదు గదా.

స్కౌట్ ఉద్యమమునకు క్రైస్తవ సంఘముతో మొదటినుండి చుట్టరికము కలదు. 1883లో గ్లాస్గో నగరమున విలియం స్మిత్ అను సండేస్కూలు ఉపాధ్యాయుడు అల్లరి బాలురను క్రమములో పెట్టుటకు బాయ్స్ బ్రిగేడ్ అను సంస్థను ప్రారంభించెను. ఒక పాదిరి కుమారుడైన బేడెన్ పవెల్ దొర ఆ బ్రిగేడ్ బాలురను చూచి, తన సైనిక అనుభవమును బాలుర మేలుకొరకు వినియోగించవలెనని తలంచెను. 1907 ఆగస్టు 1 నుండి 8 వరకు ఇంగ్లాండు దక్షిణ తీరమున బ్రౌన్‌సీ అను చిన్న ద్వీపములో 20 మంది బాలురతో ఆయన మొదటి శిబిరము జరిపెను. వారిలో సగము మంది గొప్ప ఇండ్ల పిల్లలు, తక్కినవారు బ్రిగేడ్‌కు చెందిన సామాన్య కుటుంబముల పిల్లలు. వారిని కలిపి నాలుగు చిన్న జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టును ఒక బాలుని చేతికే అప్పగించెను. ఈ జట్టు పద్ధతియే స్కౌట్ ఉద్యమమునకు ఆయువుపట్టు. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. మేము దానిని మరచుటయే ముందు చెప్పబోవు కథ.

మన దేశములో మొదటి ట్రూపు 1909లో బెంగుళూరు బిషప్ కాటన్ పాఠశాలలో ఏర్పడినది. కాని ఆ దినములలో అందు భారతీయ బాలురకు ప్రవేశము లేకుండెను. ఈ అన్యాయమును సహింపక 1916లో అనిబిసెంటమ్మ గారు మద్రాసులో భారతీయ బాలురకు వేరుగా స్కౌట్ సంఘమును స్థాపించిరి. ఉత్తర దేశమున మదనమోహన మాలవ్యా, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయి గార్లు సేవాసమితి స్కౌట్లను నడిపించిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1950 నవంబరు 7న వేరువేరు సంఘములు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. మరుసటి సంవత్సరము ఆగస్టు 15న గైడ్ల సంఘము కూడ దానిలో చేరినది. నేడు మన పల్లెలలో ఏ కులమువాడైనను, ఏ మతమువాడైనను ఎడమచేయి చాచి మరియొక స్కౌటు చేయి పట్టుకొనుచున్నాడనిన, దాని వెనుక ఇంత పోరాటము కలదు.

ఉద్యమము ఇంకను పసితనములో ఉండగానే ఒక గొప్ప తెగులును చూచినది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము యుద్ధమునుండి తిరిగివచ్చు ఓడలతో బొంబాయి రేవున దిగి, రైలు మార్గముల వెంబడి దేశమంతటను వ్యాపించినది. కోటికి పైగా భారతీయులు మరణించిరి. 1911కును 1921కిని మధ్య మన దేశ జనాభా పెరుగుటకు బదులు కొంత తరిగినదని జనాభా లెక్కలు చెప్పుచున్నవి. ఆ దినములలో అమెరికాలో స్కౌట్ బాలురు ఆరోగ్యశాఖవారి కరపత్రములను ఇంటింటికి పంచిపెట్టిరి. అనగా పెద్ద కూటమునకు వీలులేని కాలములోను బాలుడు చేయదగిన పని ఉండెనన్నమాట.

మన కోనసీమకు ఆపదలు క్రొత్తవి కావు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న ఈ నేల వరదను, తుపానును ఎరుగును. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 నాటి తుపానును కన్నులార చూచినవారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. అట్టి ఆపదలయందు ఒకరి ఇంటికి ఒకరు పరుగెత్తుట, ఒక కప్పు క్రింద పదిమంది తలదాచుకొనుట మనకు అలవాటు. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు అన్నము పెట్టిన నేల ఇది. కాని 2020లో వచ్చిన ఆపద మన అలవాటునకు విరుద్ధమైనది. దగ్గరకు వెళ్లుటయే అపాయమనియు, దూరముగా ఉండుటయే ప్రేమ అనియు చెప్పిన ఆపద అది.

ఆ సంవత్సరము ఫిబ్రవరి 22న బేడెన్ పవెల్ జన్మదినమును మా బాలురు సంతోషముతో జరుపుకొనిరి. నాలుగు జట్లు, 32 మంది బాలురు. ఆ సాయంత్రమే రాబోవు నెలల కార్యక్రమమును పెద్ద అక్షరములతో వ్రాసి దేవాలయపు వరండాలో అంటించితిమి. మార్చి నెలాఖరున కాలువగట్టు వెంబడి పి.గన్నవరము అక్విడక్టు వరకు కాలినడక. ఏప్రిల్‌లో ముడులు, ప్రథమ చికిత్స పరీక్షలు. మే నెలలో ఓడలరేవు సముద్రతీరమున మూడు దినముల శిబిరము. శిబిరమునకు బియ్యము ఇచ్చెదమని ఇద్దరు పెద్దలు మాట ఇచ్చిరి. మార్చి 19న పాఠశాలలు మూతబడినవి. 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశమంతటను లాక్‌డౌన్. ఆ సంవత్సరము ఈస్టరు పండుగను ఇండ్లలోనే ఆచరించితిమి. జూన్ 8 తరువాత దేవాలయపు తలుపులు తెరచుకొన్నను, బాలుర కూటము తెరచుకొనలేదు. వరండాలోని కాగితము వానజల్లుకు తడిసి, అక్షరములు కారిపోవు వరకు అక్కడనే ఉండెను.

ఊరక ఉంటిమని కాదు. ఏప్రిల్ 3 నుండి 5 వరకు ప్రపంచ స్కౌట్ సంస్థవారు ఇంటర్నెట్ ద్వారా జంబోరీ జరిపిరి. సాధారణముగా అక్టోబరులో జరుగు ఆ కూటమును, ఇండ్లలో బంధింపబడిన బాలుర నిమిత్తము ప్రత్యేకముగా ముందు జరిపిరి. దానిని చూచి మేమును వాట్సాప్ గుంపు ఒకటి ఏర్పరచి, శనివారము ముడులు వేయుట, మాస్కులు కుట్టుట బొమ్మలతో నేర్పితిమి. గుంపులో 14 మంది చేరిరి. మిగిలిన 18 మంది ఇండ్లలో అట్టి ఫోను లేదు, లేదా ఉన్న ఒక్క ఫోను పనికి వెళ్లిన తండ్రి జేబులో ఉండెను. 14 మందితో కూటము బాగుగా సాగుచున్నదని కమిటీకి నివేదిక వ్రాసితిమి. ఆ 18 మంది పేర్లను అందులో వ్రాయలేదు.

ఆగస్టులో గోదావరి పొంగినది. ధవళేశ్వరము వద్ద నీరు 17.75 అడుగులు దాటి మూడవ ప్రమాద హెచ్చరిక ఇచ్చిరి. లంక గ్రామములు నీట మునిగినవి. మహమ్మారి ఒక ప్రక్క, వరద ఒక ప్రక్క. పునరావాస కేంద్రమునకు పోయిన జబ్బు వచ్చునేమోనని జనులు భయపడిరి. పోనిచో నీరు మ్రింగును. నీరు తీసిన తరువాత మేము బియ్యము పంచుటకు ఒక లంకకు నాటుపడవలో వెళ్లితిమి. అక్కడ ఏటిగట్టుమీద మా ట్రూపు బాలురు ఆరుగురు ముఖములకు గుడ్డలు కట్టుకొని, ఒకరికొకరు బారెడు దూరములో కూర్చుండి కనబడిరి. వారందరు ఫోను లేని ఇండ్ల పిల్లలే. వారి జట్టు నాయకుని వయస్సు 14 సంవత్సరములు. వాని చేతిలో ఒక నోటుపుస్తకము ఉండెను. లాక్‌డౌన్ సడలించినది మొదలు ప్రతి శనివారము ఎవరెవరు వచ్చిరో, ఏమి చేసిరో అందు వ్రాసియుండెను. వరదవారము పుటలో ఏ ఇంట ముసలివారున్నారో, ఏ ఇంట గర్భిణీ స్త్రీ ఉన్నదో, ఎవరికి త్రాగునీరు లేదో పట్టిక కలదు. ఆ పట్టికను చూచియే ఊరివారు పడవలు పంపిరట. పడవను చెట్టునకు కట్టిన త్రాడు కొసన మేము నేర్పిన ముడియే ఉండెను.

"కూటములు ఆపమంటిమి గదా, మరి మీరెట్లు కూడితిరి?" అని అడిగితిమి. వాడు కొంచెము బెదరి, "ఆయ్, మీటింగు ఆపమన్నారు గానండి, జట్టుని ఆపమన్లేదు గదండి అయ్యగారూ" అనెను. మేము వేదాంత కళాశాలలో నేర్చుకొనని పాఠము ఆ గట్టుమీద విన్నాము.

ఆలోచించి చూడుడి. ఒక ట్రూపులో 32 మంది. ఒక జట్టులో ఆరుగురు మొదలు ఎనిమిదిమంది. ఒకే పేట పిల్లలు, ఆరుబయట, చెట్టునీడన, తమ నాయకుని క్రింద కూడుట స్కౌట్ పద్ధతి. గుంపు కూడరాదు, గది మూసి కూర్చుండరాదు అని వైద్యులు చెప్పిన కాలమునకు ఇంతకంటె తగిన ఏర్పాటు ఏది? బ్రౌన్‌సీలో వేసిన పునాది మన చేతిలో ఉండగా, మేము కవాతును, జెండాను, ఫొటోను మాత్రమే ట్రూపు అనుకొంటిమి. అవి ఆగినప్పుడు అంతయు ఆగినదని తలంచితిమి.

దీని ఫలితము తరువాత కనబడినది. 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు పాఠశాలలు తెరచిరి. 2021 ఫిబ్రవరిలో ట్రూపును మరల కూర్చవలెనా అని కమిటీలో చర్చ జరిగినది. తమ్ముని పోగొట్టుకొనిన ఒక పెద్ద లేచి, "పిల్లల ఆటలకోసము ఇంకొక శవమును మోయమందురా?" అని కన్నీళ్లతో అడిగిరి. ఆయన మాటను ఎవరు త్రోసివేయగలరు? ఆపివేసితిమి. ఏప్రిల్‌లో రెండవ అల విరుచుకొనిపడినది. తూర్పు గోదావరి జిల్లా మిక్కిలి దెబ్బతినినది. మా సంఘములోను ఖననములు జరిపితిమి, కొన్నింటికి నలుగురు కూడ లేరు. పెద్ద కూటమును ఆపుట సరియైన పనియేనని నేటికిని చెప్పుచున్నాము. మా తప్పు అది కాదు. 32 మందిని పిలువలేనప్పుడు ఆరుగురి వద్దకు మేమే నడచి వెళ్లకుండుట మా తప్పు.

2021 ఆగస్టు 16న పాఠశాలలు తెరచిరి. సెప్టెంబరులో మామిడిచెట్టు క్రింద హాజరు పిలిచితిమి. 32 పేర్లకు 21 మంది పలికిరి. ఆ రెండు సంవత్సరములును పదవ తరగతి పరీక్షలు రద్దై అందరు ఉత్తీర్ణులైరి గాని, ఉత్తీర్ణత వేరు, బడిలో ఉండుట వేరు. పలుకని 11 మందిలో కొందరు రొయ్యల చెరువుల కాపలాకు, ఇద్దరు కొబ్బరి దింపునకు, మరికొందరు మేస్త్రీల వెంట హైదరాబాదునకు వెళ్లిపోయిరి. వారిలో ఒక్కనికిని మేము వీడ్కోలు చెప్పలేదు. ఆ 11 మందిలో ఆ లంక జట్టువాడు ఒక్కడును లేడు. ఆరుగురును వచ్చిరి, వచ్చునప్పుడు ఏడవవానిని వెంటబెట్టుకొని వచ్చిరి.

పరిశుద్ధ గ్రంథములో తెగులును గూర్చిన కట్టడలు లేవీయకాండమున కలవు. రోగి పాళెము వెలుపల ఉండవలెను, యాజకుడు వెలుపలికి వెళ్లి వానిని చూడవలెను. పాళెము వెలుపల ఉంచుటను మాత్రము మనము సులభముగా నేర్చుకొంటిమి, వెలుపలికి వెళ్లి చూచుటను మరచితిమి. మన జిల్లాలోనే రామచంద్రపురమున కెనడా బాప్టిస్టు మిషనరీ హ్యాచ్ దొరసాని గారు కుష్ఠు రోగులకొరకు ఆశ్రమమును స్థాపించి, వెలుపలికి వెళ్లుట ఎట్లో చూపిరి. సంఖ్యాకాండము 12వ అధ్యాయములో మిర్యామునకు కుష్ఠు సోకినప్పుడు ఆమెను ఏడు దినములు పాళెము వెలుపల ఉంచిరి. అయితే ఆమె మరల చేర్చబడు వరకు జనులెవరును ప్రయాణము సాగించలేదు. అంత గొప్ప జనసమూహము ఒక్క స్త్రీ కొరకు ఆగినది. మేమును ఆగితిమి గాని వెనుకబడినవారి కొరకు కాదు, భయమువలన ఆగితిమి. మరల కదలినప్పుడు 11 మంది లేకుండగనే కదలితిమి.

2022 జనవరిలో మూడవ అల వచ్చినప్పుడు సంక్రాంతి సెలవుల కాలినడకను మరల వాయిదా వేసితిమి. ఈసారి కాగితము అంటించి ఊరకుండలేదు. ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క చెట్టును, ఒక నోటుపుస్తకమును ఇచ్చి, వారమునకు ఒక జట్టు చొప్పున మేమే వెళ్లితిమి. ఫిబ్రవరి 22న నాలుగు జట్లును కలిసి పాత అక్విడక్టు వరకు నడచినవి, రెండు సంవత్సరములు ఆలస్యముగా. ఆ ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయినది. జూలైలో గోదావరికి 2020 కంటెను పెద్ద వరద వచ్చినప్పుడు నాలుగు జట్ల పుస్తకములలోను ఇండ్ల పట్టికలు సిద్ధముగా ఉండెను. సిద్ధముగా ఉండుటయే గదా స్కౌట్ల నినాదము.

కావున రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచున్న మన సంఘములకు మూడు మనవులు చేసికొనుచున్నాము. స్కౌట్ ట్రూపు ఉన్న ప్రతి చోట జట్టు పుస్తకము ఉండవలెను. దానిని సంఘకాపరి నెలకొకసారి చూడవలెను. కూటములు, యాత్రల పట్టికను ఫోనులో మాత్రమే పంపక, బాలుని ఇంటి గడపవద్ద నోటితో చెప్పవలెను. బడి మానిన బాలుని పేరును హాజరు పట్టీనుండి కొట్టివేయక, శిబిరమునకు వానిని కూడ పిలువవలెను. స్కౌటు వయస్సు 17 వరకు కలదు, రోవరుగా 25 వరకు కలదు. పనికి పోయినవాడు పరాయివాడు కాడు.

మా 11 మందిలో నలుగురు ఇప్పుడు పండుగలకు ఇంటికి వచ్చినప్పుడు చెట్టు క్రిందకు వచ్చుచున్నారు. ఏడుగురి పేర్లు మా పాత పట్టీలో అట్లే ఉన్నవి. ప్రతి శనివారము వారి పేర్లను కూడ చదువుచున్నాము. పలుకు వారు లేనప్పుడు వారి జట్టు నాయకుడు, "రాలేదండి, వస్తాడండి" అని బదులు చెప్పుచున్నాడు. తప్పిపోయినవానిని వెదకు కాపరియైన ప్రభువు మన పాళెమును విడువక నడిపించును గాక. ఆమేన్.